ఎన్నడూ ఖాళీ కాని మందు జాడీ

మా చుట్టాల పెళ్లిళ్లలో బంతి భోజనాల దగ్గర నా పక్కన కూర్చోవడానికి ఎవరూ ముందుకు రారు. చేతులు కడుక్కున్నారా అని అడుగుతానని వాళ్ల భయం. అడుగుతాను కూడా. కడుక్కున్నామంటే, సబ్బుతోనా అని అడుగుతాను. అక్కడితో చుట్టరికం కాస్త పలచబడుతుంది.

నారాయణగూడలోని ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో మైక్రోబయాలజిస్టుగా పనిచేసి రిటైరయ్యాను. చీము గానీ రక్తం గానీ ఏది వచ్చినా గాజు ప్లేటు మీద అందులోని క్రిములను పెంచి, ఇది ఫలానా, దీనికి ఫలానా మందు పనిచేస్తుంది అని చెప్పడం నా ఉద్యోగం. దానితోపాటు ఇంకో బాధ్యత ఉండేది. చేతులకూ, గాయాలకూ, ఆపరేషన్ ముందు చర్మానికీ వాడే క్రిమిసంహారక మందులను మా వాళ్లు సరిగ్గా వాడుతున్నారో లేదో కనిపెట్టుకుని ఉండటం. జీతం మొదటి పనికి ఇచ్చారు. చీవాట్లన్నీ రెండో పనికి పడ్డాయి.

ఈ మధ్య చిక్కడపల్లిలో మా వీధి అమ్మాయి ఒకతె ఇదే చదువు పూర్తిచేసి ఆసుపత్రిలో చేరబోతూ, "ఆంటీ, నాకేమన్న చెప్పున్రి" అంది. పుస్తకంలో ఉన్నది ఆ పిల్లకు నాకంటే బాగా వచ్చు. పుస్తకంలో లేనిది రాసి ఇస్తానన్నాను. అదే ఇది.

చేతిలో పోస్తే ఇంకేం చేస్తాం

2009లో స్వైన్ ఫ్లూ భయం ఊరంతా పాకినప్పుడు మా రిసెప్షన్ బల్ల మీద మొదటిసారి హ్యాండ్ రబ్ సీసా పెట్టాం. వచ్చినవాళ్ల చేతిలో కొంచెం పోయమని ఒక ఆయాను కూర్చోబెట్టాం. నేను పక్కన నిలబడి చూస్తున్నాను. చిక్కడపల్లి నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. బ్యాంకులో చేసి రిటైరైనవాడు, రోజూ గుడికి వెళ్లే మనిషి. ఎడమ చేయి కింద పెట్టి కుడి అరచేతిని దొప్పలా పట్టాడు. ఆయా పోసింది. ఆయన వేళ్ల కొసలు తడిపీ తడపనట్టు తడిపి, మిగిలినదంతా భక్తిగా నెత్తికి రాసుకున్నాడు.

"అయ్యో, నెత్తికెందుకు రాసుకున్నరు?" అన్నాను.

"అలవాటమ్మా. చేతిల పోస్తే ఇంకేం చేస్తం?" అన్నాడాయన.

నాకు నవ్వు ఆగలేదు. కానీ తరువాత వచ్చినవాళ్లలో చాలామంది అదే చేశారు. అప్పుడు నవ్వు పోయి దిగులు పట్టుకుంది. మందు బాగానే ఉంది. అది చేరాల్సిన చోటికి చేరడం లేదు. వేళ్ల సందుల్లో, గోళ్ల కింద, బొటనవేలి చుట్టూ పట్టాలి, అది ఆరేదాకా రుద్దాలి. తడిగా ఉన్నంతసేపే అది పనిచేస్తుంది. మధ్యలో కొంగుకు తుడుచుకుంటే పని సగంలో ఆగినట్టే. మరునాటి నుంచి ఆయాను పొయ్యడం మాత్రమే కాదు, తన చేతులతో రుద్ది చూపించమన్నాను.

మా పెద్ద డాక్టరు గారికి ఇంకో సందేహం. ఆయన సర్జన్, నర్సింగ్ హోమ్ యజమాని, చెయ్యి చాలా మంచిది. ఎవరి దగ్గర డబ్బుల్లేకపోయినా వైద్యం ఆపని మనిషి. కాకపోతే తనకు తోచిందే సైన్సు అనుకునేవారు.

"నీళ్లు కలిపితే మందు పలచగైతది గద మేడం? అసలు స్పిరిటే పెడితే ఇంకా గట్టిగ పనిచేస్తది" అన్నారు.

లేదు సార్ అన్నాను. నీళ్లు లేని ఆల్కహాల్ క్రిమి పై పొరను గబుక్కున గట్టిపరిచి, లోపలికి పోకముందే ఆవిరైపోతుంది. క్రిమిలోని ప్రోటీన్లు చెడిపోవాలంటే కొంత నీరు ఉండాలి. అందుకే నూటికి డెబ్బై పాళ్ల దగ్గర ఆపుతారు. ఆయన నమ్మినట్టు తల ఊపి, నమ్మనట్టు వెళ్లిపోయారు.

చర్మం ఓర్చుకునే విషం

కొత్తగా చేరేవాళ్లు ఒక్క సంగతి బుర్రలో పెట్టుకోవాలి. ఈ మందులన్నీ విషాలే. క్రిములకు విషమై మనకు కాకుండా పోవడానికి కారణం మన చర్మం. దాని పై పొర అప్పటికే చచ్చిపోయిన కణాల పొర. అక్కడ మందు చంపడానికి మనదంటూ ఏమీ లేదు. అదే మందు కంట్లో పడితేనో, చిక్కగా పుండు మీద పోస్తేనో మనల్నీ వదలదు.

బ్యాక్టీరియా చుట్టూ ఉండే పలచని పొరను క్లోర్‌హెక్సిడిన్ లాంటి మందు చింపేస్తుంది, చర్మానికి అంటుకుని కొన్ని గంటలు కాపలా కూడా కాస్తుంది. ఫ్లూ లాంటి వైరస్‌లకు కొవ్వు తొడుగు ఉంటుంది. ఆల్కహాల్‌కూ సబ్బుకూ అది ఇట్టే కరుగుతుంది. వాంతులు, విరేచనాలు తెప్పించే వైరస్‌లు కొన్నింటికి ఆ తొడుగు ఉండదు, ఆల్కహాల్‌కు అంత సులువుగా లొంగవు. అక్కడ సబ్బు పెట్టి రుద్ది నీళ్లలో కొట్టుకుపోయేలా కడగడమే మేలు. అయోడిన్ మందు ఈ మూడు రకాలనూ చంపుతుంది, కానీ దాన్ని ఆరనివ్వాలి. పూసిన మరుక్షణమే తుడిచేసే సర్జన్లను నేను చూశాను. వాళ్లు పేషెంటుకు రంగు వేశారు, అంతే.

ఫంగస్ సంగతి వేరు. అశోక్ నగర్ హాస్టళ్లలో ఉండే పిల్లలు తామరతో వచ్చేవారు. ఇరుకు గది, ఒకే తాడు మీద అందరి తువ్వాళ్లు, వానాకాలమైతే ఆరని బనియన్లు. ఒకడు మెడికల్ షాపులో యాంటీసెప్టిక్ సీసా కొని, నీళ్లు కలపకుండా గజ్జల్లో పోసుకున్నాడు. చర్మం ఊడింది, తామర మాత్రం అలాగే ఉంది. అది పై పొర లోపల దాక్కుని ఉంటుంది. పైన పోసింది పైనే మంట పెడుతుంది. దానికి వేరే మందు వారాల తరబడి రాయాలి, బట్టలు ఆరనివ్వాలి. "మంట పుడుతుంటే పనిచేస్తున్నదనుకున్న మేడం" అన్నాడు పాపం. మంటకూ గుణానికీ సంబంధం లేదని వాడికి చెప్పినట్టే చాలామంది డాక్టర్లకూ చెప్పాల్సి వచ్చింది.

శ్రీశైలం చెయ్యి

ఇప్పుడు అసలు కథ. 2012 ప్రాంతం. శ్రీశైలం అనే కుర్రాడు దేవరకొండ అవతల ఒక పల్లె నుంచి వచ్చి అశోక్ నగర్‌లో హాస్టల్లో ఉంటూ గ్రూప్స్‌కు చదువుతున్నాడు. కుడి అరచేతిలో, బొటనవేలి మొదట్లో గడ్డ లేచింది. పెద్ద డాక్టరు గారు కోసి చీము తీశారు. చిన్న పనే. రోజు విడిచి రోజు వచ్చి కట్టు మార్పించుకుంటే మానిపోవాలి. మానలేదు. మానకపోగా అంచులు తెల్లబడి, కట్టు విప్పితే ఆకుపచ్చని చీము, ఒక తీపి వాసన. మెయిన్స్ దగ్గర పడుతున్నాయి. అవి చేత్తో పేజీలకు పేజీలు రాయాల్సిన పరీక్షలు.

చీము నా దగ్గరికి వచ్చింది. ప్లేటు మీద పచ్చగా పెరిగింది సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా. తడి ఉన్నచోటల్లా బతుకుతుంది. నల్లా మూతి, బకెట్టు అడుగు, తడి గచ్చు, ఎక్కడైనా సరే. రిపోర్టు చూడగానే పెద్ద డాక్టరు గారు తీర్పు చెప్పేశారు.

"హాస్టల్ బాత్రూములు ఎట్లుంటయో నాకు తెల్వదా? చెయ్యి నీళ్లల పెడుతున్నవ్ నువ్వు."

"లేదు సార్. పెడుతలే."

"పెట్టకుంటే ఇదెట్ల వస్తది?"

డ్రెస్సింగ్ రూమ్ మా హెడ్ సిస్టర్ రాజమణిది. తరాల నుంచి చిక్కడపల్లిలో ఉన్న కుటుంబం, చేయి తేలిక, నోరు పెద్దది. ఆమె కూడా వాణ్ని కూర్చోబెట్టి వాయించింది. ఇంతలో కొడుకును చూడటానికి తండ్రి ఊరి నుంచి వచ్చాడు. పెద్ద డాక్టరు గారు ఆయనకూ అదే చెప్పారు. మీ వాడు మాట వినడు, మేం కట్టు కడుతుంటే వాడు తడుపుతున్నాడు అని. తండ్రి కొడుకును తీసుకుని లేచాడు. బయటికి వెళ్లాక మెట్ల మీద అన్నది నాకు వినపడింది.

"ఒక్క చెయ్యి కాపాడుకోనోనివి నౌకరేం చేస్తవ్‌ర? ఈ నెల చూస్త. నయం గాకుంటే సామాను సర్దుకొని ఇంటికి రా."

ఒక సాయంత్రం ఇంటికి నడుస్తూ అశోక్ నగర్ మీదుగా వెళ్లాను. పుస్తకాల షాపు పక్కన టీ కొట్టు దగ్గర శ్రీశైలం కనిపించాడు. కుడి చేతికి ప్లాస్టిక్ కవరు, దాని మీద రబ్బరు బ్యాండు. ఎడమ చేత్తో టీ తాగుతున్నాడు. వాడి బట్టలు రూమ్మేట్లు ఉతుకుతున్నారట. ఒళ్లో ఒక కాగితం ఉంది, దాని మీద వంకరటింకర అక్షరాలు.

"ఇదేంది?" అన్నాను.

"ఎడమ చేత్తోని రాసుడు నేర్చుకుంటున్న మేడం. కుడిది కాకపోతే ఇదన్న ఉండాలె గద" అని తల వంచుకున్నాడు. "చెయ్యి నీళ్లల పెట్టలే మేడం. నిజంగ. కానీ అందరు అంటుంటే, నిద్రల ఏమన్న తడుపుతున్ననా అని నాకే డౌటొస్తున్నది."

వాడు అబద్ధం చెప్పడం లేదు. వాడు మా మాట నమ్మి, తనను తాను నమ్మడం మానేస్తున్నాడు.

జాడీ

ఆ చెయ్యి ఎక్కడా తడవకపోతే, తడిసేది ఒక్కచోటే. మా డ్రెస్సింగ్ రూమ్‌లో. మరునాడు పొద్దున్నే అక్కడికి వెళ్లి కూర్చున్నాను. గాయాలు కడిగే పసుప్పచ్చని మందును చిక్కని సీసా నుంచి తీసి, నీళ్లు కలిపి, మూత ఉన్న గాజు జాడీలో పోసి ఉంచుతారు. అందులో దూది ఉండలు నానుతుంటాయి. రాజమణి సిస్టర్ జాడీ మూత తీసింది. అడుగున కొంచెం మందు ఉంది. దాని మీదే కొత్తది పోసి, కుండలోంచి నీళ్లు కలిపి, దూది వేసి మూత పెట్టింది.

"సిస్టర్, పాతది పారబొయ్యరా?"

"అయ్యో, పారబోస్తరా మేడం? నేను ఈ రూముకు వచ్చినప్పటి సంది ఈ జాడీ ఒక్కనాడు ఖాళీ కాలే. మందు జాడీ ఖాళీగుంటే మంచిది గాదు. ఇంట్ల బియ్యం డబ్బా అంతే గద, కుంకుమ భరిణె అంతే గద."

ఆమె గర్వంగా చెప్పింది. మా ఇంట్లో బియ్యం డబ్బాలో ఇప్పటికీ గుప్పెడు ఉంచే కొత్త బియ్యం పోస్తాను. మా అత్తగారు నేర్పింది అదే. ఆ డబ్బా ఖాళీ కానివ్వకపోవడంలో ఒక ఇల్లాలి ప్రేమ ఉంది. అదే ప్రేమతో రాజమణి ఈ జాడీని ఏళ్ల తరబడి నిండుగా ఉంచింది.

కానీ బియ్యం వేరు, ఇది వేరు. నీళ్లు కలిపిన మందు నిలవ ఉంటే బలం తగ్గుతుంది. దూది మందును తనలోకి పీల్చుకుని నీటిలో దాని పాలును ఇంకా తగ్గిస్తుంది. ఆ పలచని మందులో మిగతా క్రిములు చస్తాయి, మొండిది ఒక్కటి బతుకుతుంది. బతికినది జాడీ గోడకు జిగురు పొరలా అంటుకుని, పైన ఎంత కొత్త మందు పోసినా ఆ పొర కింద హాయిగా ఉంటుంది. వేలితో జాడీ లోపలి అంచు తడిమాను. జారింది.

జాడీ మందు కొంత తీసుకుని, అందులోని మందు గుణాన్ని విరిచే ద్రవంలో కలిపి ప్లేటు మీద వేశాను. అలా చేయకపోతే ప్లేటు మీద కూడా మందు అడ్డుపడి క్రిమి పెరగదు, మనం మోసపోతాం. పక్కనున్న స్పిరిట్ జాడీది కూడా వేశాను. దాన్నీ ఆమె అలాగే నింపుతుంది. మరునాడు స్పిరిట్ ప్లేటు శుభ్రంగా ఉంది. పసుపు మందు ప్లేటు మాత్రం నిండా పచ్చగా పెరిగింది. శ్రీశైలం చీము ప్లేటు పక్కన పెట్టి చూశాను. అదే రంగు, అదే వాసన, అవే మందులకు లొంగడం, అవే మందులకు మొండికేయడం.

చెప్పాలా వద్దా

రెండు ప్లేట్లూ పట్టుకుని పెద్ద డాక్టరు గారి గదికి వెళ్లాను. ఆయన చాలాసేపు చూశారు.

"క్రిములను చంపే మందులోనే క్రిములా?"

"అవును సార్."

"మరి అందరికీ రాలేదెందుకు?"

"చర్మం తెగనిచోట అది ఏం చెయ్యది సార్. మానని గాయం మీద రోజు విడిచి రోజు పోస్తే చేస్తది."

ఆయన అప్పటికప్పుడు అన్ని జాడీలూ పారబోయించారు. ఇక మీద ఏ రోజు మందు ఆ రోజే, కాచి చల్లార్చిన నీళ్లతో, ఉడకబెట్టిన గిన్నెలో కలపాలి, సాయంత్రం మిగిలింది పారబోయాలి, దూది అందులో నానబెట్టొద్దు అని ఆర్డరు వేశారు. ఇందులో ఆయనకు వంక పెట్టడానికి లేదు. కానీ నేను లేవబోతుంటే అన్నారు.

"ఆ పిల్లగానికి చెప్పుడెందుకు మేడం? చెయ్యి ఎట్లయిన నయమైతది. బయటికి పొక్కితే మన పరువు పోతది."

"తప్పు ఆ పిల్లగాని మీద పెట్టినం సార్. వాళ్ల నాయనకు గూడ చెప్పినం."

"నయమైతే అందరు మరిచిపోతరు."

వాదించాను, ఓడిపోయాను. ఈ ఉద్యోగంలోకి వచ్చే పిల్లలకు ఒక్క మాట చెబుతాను. క్రిమి ఎక్కడినుంచి వచ్చిందో కనుక్కోవడం మన పనిలో తేలికైన సగం. ఏ ఆసుపత్రిలోనైనా ముందు పేషెంటునే అనుమానిస్తారు, ఎందుకంటే అతను ఇంటికి వెళ్లిపోతాడు, మనం ఇక్కడే ఉంటాం. ముందు మన గిన్నెలు, మన చేతులు, మన నీళ్లు చూడండి. అక్కడ ఏమీ దొరక్కపోతేనే బయటికి వెళ్లండి. నన్ను అడిగితే చదువంతా కలిపి ఇంతే.

రాజమణికి విషయం నేనే చెప్పాను. ఖాళీ చేసి బోర్లించిన జాడీ వైపు చూస్తూ ఆమె కుర్చీలో కూలబడింది. "ఆ పిల్లగాన్ని తిట్టిన మేడం. బాత్రూంల చెయ్యి తడుపుతున్నవని నోటికొచ్చినట్టు తిట్టిన" అంది.

తాజా మందుతో కడగడం మొదలుపెట్టాక గాయం రంగు మారింది. పచ్చదనం పోయి అడుగున ఎర్రని కండ కనిపించింది. పెన్ను పట్టుకునే రోజు దూరంలో లేదని అందరికీ అర్థమైంది. కానీ నెలాఖరు దగ్గరికి వచ్చేసింది. ఆ రోజు శ్రీశైలం కట్టుకు వచ్చినప్పుడు మొహం వాడిపోయి ఉంది.

"మా నాయన పొద్దుగాల ఫోన్ జేసిండు సిస్టర్. రూమ్ ఖాళీ చేసి రేపటి బస్సుకు రమ్మన్నడు. చెయ్యి నయమైతున్నదంటే నమ్ముతలేడు."

రాజమణి కట్టు విప్పుతూ ఆగిపోయింది. నేను గుమ్మం దగ్గర ఉన్నాను. ఆమె నా వైపు చూడలేదు, ఎవరి అనుమతీ అడగలేదు.

"బిడ్డా, నీ తప్పేం లేదు. నువ్వు చెయ్యి తడపలే. మా జాడీల మందే ఖరాబైంది. నేనే కడిగి కడిగి నీకంటించిన."

శ్రీశైలం జేబులోంచి ఫోను తీసి, నంబరు నొక్కి ఆమెకు ఇచ్చాడు.

"గిది మా నాయనకు చెప్పున్రి."

ఆమె ఫోనులో అంతా చెప్పింది. చిన్న ఫోను, అవతలి గొంతు పెద్దది. గదిలో అందరికీ వినపడుతోంది.

"సిస్టరమ్మా, నువ్వు మంచిదానివి. మావోని మీద పావురంతోని, ప్రేమతోని చెప్తున్నవ్. పెద్ద డాక్టర్ సారే నాతోని చెప్పిండు గద, వాడే తడుపుతుండని."

అప్పుడు చూశాను, నా వెనుక పెద్ద డాక్టరు గారు నిలబడి ఉన్నారు. రౌండ్స్‌కు వచ్చి ఎప్పటినుంచి వింటున్నారో తెలియదు. రాజమణి ఫోను ఆయన వైపు చాచింది. ఆయన దాన్ని చూశారు, శ్రీశైలాన్ని చూశారు. ఆ క్షణంలో ఆయన వెనక్కి తిరిగి వెళ్లిపోతారనే అనుకున్నాను. వెళ్లలేదు. ఫోను అందుకున్నారు.

"నేను పెద్ద డాక్టర్ను మాట్లాడుతున్న. ఆనాడు నీకు నేను చెప్పింది తప్పు. మీవోడు చెయ్యి తడపలే. మా మందే ఖరాబుండె. తప్పు మాది."

ఆ పెద్ద గొంతు చిన్నదై వినిపించింది.

"వాడు నాకు గదే చెప్పిండు సార్. మొదటి నుంచి గదే చెప్పిండు. నేనే నమ్మలే. బస్సు ఎక్కొద్దని చెప్త. జర వానికియ్యిన్రి ఫోను."

శ్రీశైలం ఎడమ చేత్తో ఫోను అందుకున్నాడు. కుడి చెయ్యి రాజమణి సిస్టర్ చేతుల్లో ఉంది. కట్టు ఇంకా సగంలోనే ఉంది.